లేనిదానిని ఎరుగుట ఎట్లు?

నేల మీద కుండ లేదని మనకెట్లు తెలియుచున్నది? కంటికి కానవచ్చునది నేలయే కాని కుండ లేకపోవుట కాదు గదా యని మీమాంసకుడైన కుమారిలభట్టు అనుపలబ్ధిని, అనగా కానరాకపోవుటను, ప్రత్యక్షాదులకంటె వేరైన ప్రమాణముగా నంగీకరించెను. ఆ పనికి ప్రత్యక్షమే చాలునని నైయాయికులును, అభావము, అనగా లేమి, యను వేరు పదార్థమే లేదని ప్రాభాకరులును వాదించిరి. ఈ వివాదము తాళపత్రములతోనే ముగిసినదని తలచువారు, దత్తాంశములను తొలిసారి పరికించుటకై ‘ఆర్’ అను ప్రోగ్రామింగు భాషలో నున్న చిన్న ఫంక్షన్ల తీరు నొకమారు చూడవలయును.

1990ల దశకములో ఇహాకా, జెంటిల్మన్ అను నిరువురు ఆక్లండు విశ్వవిద్యాలయమున రూపొందించిన యీ భాషతోపాటే ‘ఎయిర్‌క్వాలిటీ’ అను పట్టిక లభించును. 1973 మే మొదలు సెప్టెంబరు వరకు న్యూయార్కు గాలిని దినదినము కొలిచిన లెక్క అది. మే 5వ తేదీ వరుసలో గాలి వేగము గంటకు 14.3 మైళ్లు, ఉష్ణోగ్రత 56 ఫారన్‌హీటు డిగ్రీలు. ఓజోను గడిలో అంకెకు బదులు ‘ఎన్‌ఏ’ అను గుర్తు. ఓజోను సగటు నడిగినచో ‘మీన్’ ఫంక్షను సంఖ్య చెప్పక ఆ ‘ఎన్‌ఏ’నే తిరిగి యిచ్చును. కొత్తవారికి విసుగు పుట్టించు నీ మొండితనమును నేను వినయమనియే భావింతును. ఏలయన ఆ గడిలో సున్న యున్నచో నాడు ఓజోను లేదని యర్థము, ‘ఎన్‌ఏ’ యున్నచో లేనిది ఓజోను కాదు, దానిని గూర్చిన మన యెరుక. లోపించినవానిని విడిచి లెక్కింపుమని స్పష్టముగా ఆజ్ఞాపించినపుడే అది 42.13 అని పలుకును. ఎన్ని విడిచినదో మాత్రము చెప్పదు; అందుకు ‘ఈజ్ డాట్ ఎన్‌ఏ’ నాశ్రయింపవలెను. అది ఓజోనులో 37 ఖాళీలు చూపును.

అయితే ఆ ఫంక్షను ఎరిగినది నిజముగా అభావమేనా? ఎవరో ముందే లేమిని గుర్తించి వ్రాసియుంచిన చిహ్నమును అది చూచినది. అనగా ఉన్నదానినే చూచినది. ఏదేని యొక దినపు వరుసయే సమూలముగా జారిపోయినచో దానికేమియు కానరాదు, కుండను వెదకుటకు నేలయే లేదు గనుక. ఉన్నచో తప్పక కనబడవలసినది కనబడకపోవుటయే అభావజ్ఞానమునకు మూలమని మన పెద్దలు యోగ్యత నొక నియమముగా చేసిరి. ఆ ‘ఉండవలసినది’ యను తలంపు పట్టికలో దొరకదు, క్యాలెండరు నెరిగిన మనిషి తేవలసినదే. కావున ఈ వాదమున నేను కుమారిలుని పక్షము. మే మొదలు సెప్టెంబరు వరకు దినములు 153. ‘ఎన్‌రో’ ఫంక్షను లెక్కించి చెప్పు వరుసలును 153.