బలరాం పాస్

సూరత్ మరమగ్గాల మధ్య బతికే తెలుగువాళ్లకు నాడె పని తెలుసు. పోగును చేరాల్సిన చోటికి చేరుస్తుంది. ఫుట్‌బాల్ మైదానంలో తులసీదాస్ బలరాం చేసిందీ అదే.

పుట్టింది సికింద్రాబాద్ దగ్గర, అమ్ముగూడలో. పేద ఇల్లు. ఆయన ప్రతిభను కోచ్ రహీం గుర్తించారు.

1960 రోమ్ ఒలింపిక్స్‌లో హంగరీ మీద గోల్ కొట్టారు బలరాం. పెరూ మీదా కొట్టారు. అయినా అభిమానులు ముందుగా తలచుకునేది ఆయన పాస్‌నే. సహచరులు అటు పీకే బెనర్జీ, ఇటు చునీ గోస్వామి. బంతి చేరాల్సిన చోటికి చేరేది. ఎంత ముచ్చటైన ఆట!

1962లో జకార్తాలో ఆసియా క్రీడల స్వర్ణం. మరుసటి ఏడాదే అనారోగ్యం ఆటను ఆపేసింది. అప్పటికి ముప్పై ఏళ్లయినా నిండలేదు.

2023లో కన్నుమూశారు. అర్జున ఇచ్చారు, పద్మ పురస్కారం ఇవ్వలేదు. అభిమానులకు ఆ బాధ ఇంకా తీరలేదు.