ఆ ఒక్క రోజూ, మిగిలిన మూడేళ్ళూ

పని నేర్పినవాళ్ళు పోయాక వాళ్ళని దేనికోసం గుర్తుపెట్టుకోవాలి? ప్రశ్న చిన్నదే. కానీ ఏ సంతాప సభకి వెళ్ళినా జవాబు ముందే సిద్ధంగా ఉంటుంది: ఒక సంఘటన. "ఆ రోజు ఆయనే లేకపోతే..." అని మొదలవుతుంది. ముప్ఫయ్యేళ్ళ పని ఆ ఒక్క రోజులోకి కుదించుకుపోతుంది.

ఈ మాట అనుకున్నప్పుడల్లా నాకు లియొనార్డ్ బిర్చల్ గుర్తొస్తాడు. కెనడా వైమానిక దళం పైలట్. నీటి మీద వాలే కాటలీనా విమానాలు నడిపాడు. 1942 ఏప్రిల్ 4న సింహళంలోని కొగ్గల నుంచి గస్తీకి వెళ్ళాడు. దూరంగా సముద్రం మీద ఏవో మచ్చలు కనిపించాయి. అవేమిటో తేల్చుకుందామని దగ్గరికి పోయాడు. అది జపాన్ నౌకాదళం. రేడియోలో కబురు పంపుతుండగానే ఫైటర్లు అతని విమానాన్ని కూల్చేశాయి. తొమ్మిది మందిలో ముగ్గురు చనిపోయారు, మిగిలిన ఆరుగురూ బందీలయ్యారు. తర్వాత అతనికి 'సింహళ రక్షకుడు' అనే పేరొచ్చింది.

మర్నాడు కొలంబో మీద బాంబులు పడనే పడ్డాయి. కాకపోతే ముందే తెలిసింది కాబట్టి కొన్ని ఓడలు రేవు వదిలి బయటపడ్డాయి. ఆ తర్వాతి రోజు, ఏప్రిల్ 6న, మన విశాఖపట్నం, కాకినాడల మీద బాంబులు పడ్డాయి. అవి వేసింది బంగాళాఖాతంలో తిరుగుతున్న వేరే జపాన్ దళం. బిర్చల్ కబురు మన తీరానికి అక్కరకు రాలేదు. అతనిలో లోపమేం లేదు, అతను చూసింది ఇంకో దళాన్ని. ఆ రోజు అతను గస్తీ తిరిగిన చోటు వేరే అయ్యుంటే 'రక్షకుడు' అనే పేరే ఉండేది కాదు. ధైర్యం అతనిదే కానీ, ఆ పేరులో సగం వాటా అదృష్టానిది.

ఆ తర్వాత మూడేళ్ళ పైచిలుకు అతను జపాన్ బందీ శిబిరాల్లో ఉన్నాడు. అక్కడ గాయపడ్డ ఖైదీ చేత బలవంతంగా పని చేయిస్తున్న సైనికుణ్ణి కొట్టి, తను అంతకి ఎన్నో రెట్లు దెబ్బలు తిన్నాడు. ఆఫీసర్లకి ఎక్కువ తిండి దొరుకుతోందని తెలిసి, దాన్ని అందరికీ పంచేలా వాళ్ళని ఒప్పించాడు. జబ్బుగా ఉన్నవాళ్ళని పనికి పంపినప్పుడు, వాళ్ళని వదిలేదాకా అందరినీ కూర్చోమన్నాడు. రహస్యంగా డైరీలు రాశాడు. యుద్ధం అయ్యాక అవి విచారణల్లో సాక్ష్యాలయ్యాయి. 1963 నుంచి 1967 దాకా కెనడా రాయల్ మిలిటరీ కాలేజీకి కమాండెంట్‌గా ఉన్నాడు. 2004లో పోయాడు.

ఏ బిర్చల్‌ని గుర్తుపెట్టుకోవాలి? ఆ కాటలీనా కథే లేకపోతే కుర్ర కేడెట్లు ఆయన మాట వినడానికి అంత ఆసక్తిగా కూర్చునేవారా అని అడగొచ్చు. న్యాయమైన ప్రశ్నే. కథ చెవిని లాగుతుంది. కానీ చెవిలో పడ్డాక మిగలాల్సిందేంటి? అదృష్టాన్ని ఎవరూ నేర్పలేరు. అన్నం పంచడం నేర్పొచ్చు, జబ్బుపడ్డవాడి కోసం కూర్చోవడం నేర్పొచ్చు. అసలు తేడా ఇంకోటుంది. వీరగాథ మన నుంచి చప్పట్లు తప్ప ఏమీ అడగదు. అలవాటు అడుగుతుంది. రేపు నా ప్లేటులో ఎక్కువ పడితే పంచుతావా అంటుంది. అందుకేనేమో మనం వీరగాథనే ఎంచుకుంటాం, చవగ్గా అయిపోతుంది కదా!

2024 నవంబర్ 9న విజయవాడ పున్నమి ఘాట్ దగ్గర కృష్ణలోంచి లేచిన ట్విన్ ఆటర్ సీప్లేన్ శ్రీశైలంలో నీటి మీద వాలింది. ప్రయోగాత్మక ప్రయాణం. మనకది ఫొటో. ఆ వృత్తిలో ఉన్నవాళ్ళకి మాత్రం ప్రతి వాలుడూ ఒక పాఠం. చక్రాలూ ఫ్లోట్లూ రెండూ ఉన్న విమానం చక్రాలు దించుకుని నీటిలో దిగితే ముందుకి పల్టీ కొడుతుంది. అందుకని, "ఇది నీటి మీద వాలడం, చక్రాలు పైకి ఉన్నాయి" అని పైకి వినబడేలా అనుకోమని నేర్పుతారు. నేర్పినవాడు పోయినా ఆ వాక్యం కాక్‌పిట్‌లో ఉంటుంది. ఐతే ఇందులోనూ ఒక ప్రమాదముంది. వాక్యం మరీ అలవాటైతే, నోరు చక్రాలు పైకున్నాయంటున్నా అవి కిందే ఉండొచ్చు. గురువు మాట వల్లించడం ఒకటీ, ఆ మాట చూడమన్నవైపు చూడ్డం ఇంకొకటీ.

నేను శంషాబాద్‌లో ఉంటాను, ఎయిర్‌పోర్టు దాకా వెళ్ళే రోడ్డుకి కాస్త లోపలికి. పోయినేడు మా టీమ్‌లో సీనియర్ ఒకాయన గుండెపోటుతో పోయారు. ఆఫీసు గ్రూపులో అందరూ ఒకే రాత్రి గురించి రాశారు. సర్వర్లన్నీ పడిపోతే తెల్లవారుజామున నాలుగింటికి ఆయన నిలబెట్టిన రాత్రి. అబద్ధం కాదు, నేనూ ఉన్నాను. కానీ నాకు ఆయన ఇచ్చింది అది కాదు. కోడ్ చూపించిన ప్రతిసారీ, ఎంత చిన్న మార్పైనా సరే, ఒకే మాట అడిగేవారు: "ఇది ఫెయిలైతే ముందు ఎవరికి తెలుస్తుంది, మనకా, వాడేవాడికా?" ఆ ప్రశ్న సరిగ్గా పనిచేసిన రోజుల గురించి చెప్పుకోడానికి కథలుండవు. ఏమీ జరగలేదు కాబట్టి.

ఇప్పుడు కొత్తగా చేరిన ఇద్దరు పిల్లలకి నేను ఆ ప్రశ్న వేస్తున్నాను. ఆయన పేరు వాళ్ళకి తెలీదు. చెప్పాలా అని ఆలోచించాను. చెప్తాను, కానీ ఆ రాత్రి కథతో కాదు. మొన్న వాళ్ళలో ఒకమ్మాయి నేను అడగకముందే, "సర్, ఇది పడిపోతే ముందు మనకే తెలుస్తుంది, చూశాను" అంది.

చూశాను అంది. నాకు ఆ మాట చాలు.