మునిగిన వరి, పల్లపు చేను

మోళియ సీవకుడు అనే పరివ్రాజకుడు ఒకసారి బుద్ధుని దగ్గరకు వచ్చి ఒక ప్రశ్న అడిగాడు. మనిషి అనుభవించే సుఖమైనా దుఃఖమైనా అంతా పూర్వం చేసిన కర్మ ఫలమేనని కొందరు శ్రమణులు, బ్రాహ్మణులు చెబుతున్నారు, దీనికి తమరేమంటారు అన్నది ఆ ప్రశ్న. బుద్ధుడు ఆ వాదాన్ని ఒప్పుకోలేదు. పైత్యం వల్ల, శ్లేష్మం వల్ల, వాతం వల్ల, ఆ మూడూ కలిసి ప్రకోపించడం వల్ల, ఋతువుల మార్పు వల్ల, జాగ్రత్త లేని నడవడి వల్ల, ఇతరుల దాడి వల్ల కూడా వేదన పుడుతుందనీ, కర్మఫలం వీటిలో ఒకటి మాత్రమేననీ చెప్పాడు. ఈ సంభాషణ సంయుత్త నికాయంలో, వేదనా సంయుత్తంలో ఉంది. ఆ జాబితాలోని ఋతువుల మార్పు అన్న మాట దగ్గర ఇవాళ మనం కాసేపు ఆగాలి.

గాలి ఒక డిగ్రీ వేడెక్కితే అది పట్టుకోగల తేమ సుమారు 7 శాతం పెరుగుతుంది. ఆ తేమ కురిసినప్పుడు కుండపోతగా కురుస్తుంది. తూర్పు తీరంలో వరి పండించేవాళ్లకు ఇది పుస్తకాల్లో చదివి తెలుసుకోవలసిన సంగతి కాదు. నాటిన చేను వారం పది రోజులు నీళ్ల కింద ఉండిపోతే రైతు నుదురు కొట్టుకుని "మా ఖర్మ" అంటాడు. ఆ మాట నిజమా? ఈ ప్రశ్నకు జన్యుశాస్త్రం ఇచ్చిన ఒక జవాబును ధమ్మం వెలుగులో చూద్దాం.

వరి నీటి మొక్కే అయినా పూర్తిగా మునిగితే బతకలేదు. మునిగిన మొక్కలో ఎథిలీన్ అనే వాయువు తయారవుతుంది. నీటిలో అది త్వరగా బయటికి పోలేదు గనుక మొక్కలోనే పేరుకుంటుంది. మామూలు వరికి అది ఒక హెచ్చరిక. గాలి అందుకోవడానికి మొక్క గబగబా సాగుతుంది. దాచుకున్న పిండిపదార్థమంతా ఆ పరుగులో ఖర్చయిపోతుంది. వరద తొందరగా తీస్తే సరే. తీయకపోతే మొక్క నీరసించి చస్తుంది, లేదా నీరు దిగగానే నేలకు ఒరిగిపోతుంది.

కొన్ని రకాలు మాత్రం వేరుగా నడుచుకుంటాయి. ఒడిశాలో ధాలపుట్టియా అనే నాటు వరి ఉంది. దాని నుంచి ఎంపిక చేసిన ఎఫ్.ఆర్.13ఏ అనే రకం సుమారు రెండు వారాలు మునిగినా బతుకుతుంది. దాని తొమ్మిదో క్రోమోజోమ్ మీద ఉన్న సబ్1ఏ అనే జన్యువే ఇందుకు ముఖ్య కారణమని 2006లో శాస్త్రవేత్తలు గుర్తించారు. ఈ జన్యువు ఉన్న మొక్క ఎథిలీన్ పేరుకోగానే ఎదుగుదలను ఆపుకుంటుంది. ఉన్న శక్తిని దాచుకుని కదలకుండా ఉంటుంది. నీరు తీశాక మళ్లీ చిగురిస్తుంది.

ఇందులో మనకు ముఖ్యమైన విషయం ఇంకొకటి ఉంది. నెలల తరబడి లోతు నీరు నిలిచే చోట్ల పండే వరి ఇందుకు సరిగ్గా వ్యతిరేకంగా బతుకుతుంది. నీరు పెరిగే కొద్దీ కాండం మీటర్ల కొద్దీ పొడుగు సాగుతుంది. ఆ పని చేయించే స్నార్కెల్ జన్యువులను 2009లో గుర్తించారు. అవీ సబ్1ఏ కుటుంబానివే. వాటిని కదిలించేదీ ఆ ఎథిలీన్ వాయువే. ఒకటి ఆగు అంటుంది, ఇంకొకటి పెరుగు అంటుంది. పది రోజుల వరదలో ఆగినది బతుకుతుంది. నాలుగు నెలల నీటిలో పెరిగినది బతుకుతుంది. చోట్లు మార్చితే రెండూ చస్తాయి.

అలాగైతే ఏ జన్యువు ఉత్తమమైనది? ఈ ప్రశ్నకు జవాబు లేదు. ఎంత నీరు, ఎన్నాళ్లు, ఏ వయసు మొక్క, ఏ నేల అన్నది చెప్పకుండా జన్యువు గుణం చెప్పలేం. ఇది ఉంటే అది ఉంటుంది, ఇది లేకపోతే అది ఉండదు అన్న ప్రతీత్య సముత్పాదానికి వరి మడిలో ఇంతకంటే తేటగా ఉదాహరణ దొరకదు. జన్యువు ఆత్మ కాదు. దానికి తనంత తానుగా నిలిచే స్వభావం లేదు.

ఈ మాట గట్టిగా చెప్పుకోవడానికి కారణం ఉంది. జన్యువుల మాట వినపడగానే, గుణం పుట్టుకతో వస్తుందని శాస్త్రం కూడా ఒప్పుకుంది కదా అనే పెద్దలు మన సమాజంలో ఉన్నారు. వాసెట్ఠ సుత్తంలో బుద్ధుడు వాళ్లకు ఏనాడో జవాబు చెప్పాడు. గడ్డికి, చెట్లకు, పురుగులకు, చేపలకు, పక్షులకు జాతిని బట్టి గుర్తులు వేరువేరుగా ఉంటాయి. మనుషుల్లో అలాంటి తేడా లేదు. మనిషికి పేరు తెచ్చేది అతను చేసే పని. 1936లో కుల నిర్మూలనలో బాబాసాహెబ్ కూడా కులం వేర్వేరు జాతుల మధ్య గీత కాదనీ, ఒకే జాతి మనుషుల మధ్య సమాజం గీసిన గీత అనీ వాదించారు.

ఆ గీత పొలంలో కూడా ఉంది. మన పశ్చిమ గోదావరి జిల్లా మార్టేరులో తయారై 1982లో విడుదలైన స్వర్ణ వరి ఒడిశా, బెంగాల్ దాకా విస్తరించింది. దిగుబడి బాగుంటుంది గాని ముంపుకు ఆగదు. ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు స్వర్ణను ఎఫ్.ఆర్.13ఏ వంశంతో సంకరం చేసి, డి.ఎన్.ఏ. గుర్తుల సాయంతో సబ్1ఏ ఉన్న పిల్ల మొక్కలనే ఎంచుకుంటూ, తరం తరం మళ్లీ స్వర్ణతోనే కలుపుతూ స్వర్ణ సబ్1 తయారుచేశారు. 2009లో అది మన దేశంలో విడుదలైంది. తరువాత ఒడిశా రైతుల పొలాల్లో చేసిన ఒక అధ్యయనం 2013లో వెలువడింది. పది రోజులు మునిగిన చేలో ఈ రకం పాత రకం కన్నా సుమారు 45 శాతం ఎక్కువ పండింది. వరద రాని చేలో నష్టమేమీ లేదు. ఆ అధ్యయనం ఇంకో సంగతి కూడా బయటపెట్టింది. ముంపుకు గురయ్యే పల్లపు భూములు ఎక్కువగా కింది కులాల చేతుల్లోనే ఉన్నాయి. అందుచేత ఈ విత్తనం మేలు కూడా వాళ్లకే ఎక్కువగా అందుతుంది.

ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుంది. మునిగేవాడికి ఊపిరి బిగపట్టడం నేర్పితే సరిపోతుందా? పొగ వదిలినవాడు, మెరక పొలం దక్కించుకున్నవాడు మారనక్కరలేదు, పల్లంలో ఉన్నవాడే సర్దుకోవాలా? ఈ అభ్యంతరం న్యాయమైనది. ప్రకృతిలో ఒక జీవజాతి వాతావరణానికి సర్దుకున్నదంటే, తట్టుకోలేని మొక్కలు చచ్చి తట్టుకున్నవి మిగిలాయని అర్థం. అది జరిగే విషయం, జరగవలసిన ధర్మం కాదు. దాన్ని మనుషులకు నీతిగా చెబితే, పూర్వకర్మ సిద్ధాంతమే కొత్త బట్టలు కట్టుకుని వచ్చినట్టు. పేదల స్థితికి సమాజం బాధ్యత తప్పించుకోవడానికే పూర్వకర్మ వాదం పనికివస్తుందని బాబాసాహెబ్ తన చివరి గ్రంథంలో తప్పుపట్టారు. నీ సర్దుబాటు నువ్వే చూసుకో అనే మాటకూ ఆ తప్పే వర్తిస్తుంది.

అయినా ఆ కారణంతో విత్తనాన్ని కాదనలేం. బాణం తగిలినవాడి దగ్గర ముందు బాణం తీయాలి. ఈ పంట పోతే ఇంట్లో గింజ ఉండదు, అప్పు పెరుగుతుంది, చదువుకునే పిల్ల బడి మానేస్తుంది. భూమి న్యాయంగా పంచుకునే రోజు దాకా ఆ పిల్లను ఆగమని చెప్పే హక్కు మనకెవరికీ లేదు. పైగా ఆ జన్యువు ప్రయోగశాలలో పుట్టినది కాదు. ముంపులో బతికిన గింజను దాచి మళ్లీ చల్లిన రైతుల చేతుల్లోంచి వచ్చింది. వాళ్ల పేర్లు ఏ వ్యాసంలోనూ లేవు. మేలు వాళ్ల వారసులకు చేరడం దయ అనిపించుకోదు, బాకీ తీర్చడం అవుతుంది.

విత్తనం ఎక్కడిదాకా పనిచేస్తుందో కూడా తెలిసి ఉండాలి. వరద రెండు వారాలు దాటితే సబ్1ఏ కాపాడలేదు. సగం లోతు నీరు నెలల పాటు నిలిచే చేలో అది పెద్దగా పనికిరాదు. ఉప్పునీరు ఎక్కితే వేరే జన్యువులు కావాలి. కూడుకుపోయిన మురుగు కాలువను ఏ జన్యువూ తవ్వదు. పాస్‌బుక్ ఒకరి పేరున, చేను కౌలుదారు చేతిలో ఉన్నచోట పరిహారం ఎవరికి చేరుతుందో తెలుగు డెల్టా పల్లెలకు వేరే చెప్పనక్కరలేదు.

1956లో బి.బి.సి. ప్రసంగంలో బాబాసాహెబ్ తనకు బౌద్ధం ఎందుకు నచ్చిందో చెబుతూ ప్రజ్ఞ, కరుణ, సమత అనే మూడింటినీ కలిపి చెప్పారు. మునిగిన వరి ఎందుకు బతికిందో తెలుసుకోవడం ప్రజ్ఞ. ఆ విత్తనాన్ని ముందుగా పల్లపు చేనుకు చేర్చడం కరుణ. పల్లపు చేను ఎప్పుడూ ఆ కొన్ని కులాలకే ఎందుకు మిగులుతోందని అడగడం సమత. మొదటి రెండూ చేసి మూడోది మరిచిపోతే మనం చేసింది ఉపకారం మాత్రమే అవుతుంది. ఈసారి వరద వచ్చి ఎవరైనా "మా ఖర్మ" అన్నప్పుడు, సీవకుడికి బుద్ధుడు చెప్పిన కారణాల జాబితా వాళ్ల పక్కన కూర్చుని చెప్పండి. మన కాలానికి తగినట్టు అందులో కాలువనూ, కౌలునూ, కులాన్నీ కలపండి. కారణం ఉన్నది ఏదైనా, ఆ కారణం తొలగితే ఆగిపోతుంది.