రేపటి పూచీ ఎవరిది?

మొన్న దసరాకి కోరుట్ల వెళ్ళినప్పుడు చిన్నమ్మ ఇంట్లో ఒక సంబంధం గురించి మాట నడుస్తోంది. అబ్బాయి హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్. జీతం బాగానే ఉంది. అయినా పిల్ల తండ్రి ఒకటే అడిగాడట: "సర్కారు నౌకరికి ఏమన్న రాస్తున్నడా?" అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నాదీ సాఫ్ట్‌వేరే కాబట్టి కొంచెం గుచ్చుకుంది కూడా.

పక్క ఊళ్ళో సర్కారు బడి టీచరైన మా బావతో ఈ లెక్క చాలాసార్లే వేశాను. 2020 పీఆర్సీ స్కేలులో కొత్తగా చేరే ఎస్జీటీ బేసిక్ 31,040. దాని మీద డీఏ, హెచ్ఆర్ఏ. నా సీటీసీ దానికి కొన్ని రెట్లు. కానీ ఆ సీటీసీలో కంపెనీ కట్టే పీఎఫ్ వాటా, ఐదేళ్ళు ఉంటే తప్ప చేతికి రాని గ్రాట్యుటీ, ఇన్సూరెన్స్ ప్రీమియం, వస్తుందో రాదో తెలియని వేరియబుల్ పే, అన్నీ కలిపే ఉంటాయి. బావకి రిటైరయ్యే నెల ఇప్పుడే తెలుసు. 61 ఏళ్ళు నిండిన నెల. నాకు వచ్చే మార్చి సంగతే తెలియదు. రెండేళ్ళ కింద పావుగంట కాల్‌లో మా టీమ్‌లో సగం మంది పోయారు. మిగిలినవాళ్ళం మునుపటికన్నా బాగా పని చేశామా అంటే, లేదు. మీటింగుల్లో "ఇది తప్పు" అనడం మానేశాం, అంతే. భద్రత ఉంటే ఎవరూ పని చెయ్యరని అంతకుముందు గట్టిగా వాదించేవాణ్ణి. భయం పని నేర్పదు, తల ఊపడం నేర్పుతుంది.

బావ మాత్రం "నాది కూడ అంత గట్టిదేం కాదు తమ్మీ" అంటాడు. 2004 సెప్టెంబర్ 1కి ముందు చేరిన సార్లకి చివరి బేసిక్‌లో సగం పెన్షన్. ఆ తర్వాత చేరిన బావకి సీపీఎస్, అంటే మార్కెట్ ఎంత ఇస్తే అంత. ఒకే స్టాఫ్‌రూమ్, ఒకే పాఠం, రెండు రకాల ముసలితనం.

అంటే మేం పోల్చుకుంటున్నది జీతాలు కాదు. రేపు ఏదైనా అయితే ఆ దెబ్బ ఎవరు భరించాలన్నది. 2022 చివర్లో గ్రూప్-4 నోటిఫికేషన్ వస్తే ఎనిమిది వేల పైచిలుకు పోస్టులకి తొమ్మిదిన్నర లక్షల మంది దరఖాస్తు పెట్టారు. అంతమందికీ గుమాస్తా పని మీద మోజు ఉండి కాదు. కష్టపడి చదివినవాడికే దక్కింది కదా, ఇందులో అన్యాయమేముంది అంటారు. నిజమే. కానీ పరీక్ష ఆ కుర్చీలో ఎవరు కూర్చోవాలో తేలుస్తుంది గానీ, కూర్చోలేకపోయినవాళ్ళు ముసలితనంలో ఎట్లా బతకాలో తేల్చదు. మనం మాత్రం రెండో ప్రశ్నకీ పరీక్షతోనే జవాబు చెప్పేస్తున్నాం.

సిరిసిల్లలో మా మేనమామ సాంచాలు నడిపిస్తాడు. కూలి మీటర్ల లెక్కన. 2017లో బతుకమ్మ చీరల ఆర్డర్లు మొదలయ్యాక ఆ నెలల్లో చేతినిండా పని ఉండేది. ఆర్డర్ లేని నెలల్లో సాంచా ఆగేది, దాంతోపాటే కూలీ ఆగేది. గుడ్డ సర్కారుకే నేశాడు, సర్కారు మనిషి మాత్రం కాలేదు. ఆయన కొనే సబ్బు మీదా జీఎస్టీ ఉంటుంది. బావ జీతంలో ఆ పైసలూ ఉన్నాయి.

ఆ రోజు ఇదంతా చెప్తుంటే చిన్నమ్మ చేటలో తునికాకు కత్తిరిస్తూనే అంది: "మా కాలంల పిల్లకు బీడీలు చేసుడు వచ్చా, పీఎఫ్ కార్డు ఉన్నదా అని అడుగుదురు బిడ్డా." ఆమెకి కార్డు ఉంది. అందుకే పీఎఫ్ పెన్షన్ వస్తోంది, నెలకి వెయ్యి పైన కొంచెం. పక్కింటామె కూడా అన్నేళ్ళూ అవే బీడీలు చుట్టింది. కార్డు లేదు, కాబట్టి ఏమీ లేదు. పిల్ల తండ్రి అడిగిందీ ఆ కార్డు గురించే. ఆయన మీద నాకున్న కోపం అక్కడితో పోయింది.

నాకు ఇంకా మింగుడు పడని సంగతి వేరే ఉంది. చిన్నమ్మ కూతురు, నా చెల్లె, బీఎడ్ చేసి టౌన్‌లో ప్రైవేటు స్కూల్లో చెప్తుంది. నెలకి పన్నెండు వేలు. ఎండాకాలం సెలవులకి జీతం లేదు. బావ కొడుకు చదివేది ఆ స్కూల్లోనే. సర్కారు బడి టీచరు తన కొడుకుని తన బడికి పంపడు. తన జీతంలో మూడో వంతు కూడా రాని టీచరు దగ్గరికి పంపుతాడు. బావని తప్పు పట్టే మొహం నాకు లేదు. నా కూతురు చదివే స్కూల్లో టీచర్లకి ఎంతిస్తారో నేనెప్పుడూ అడగలేదు. ఫీజు ఎంతో మాత్రం మూడు స్కూళ్ళలో అడిగి వచ్చాను.

భోజనాల దగ్గర బావ ఫీజుల మాట ఎత్తాడు. "ఈసారి మళ్ళ పెంచిన్రు. తల్లిదండ్రులమంత కలిసి పోయి అడుగుదామనుకుంటున్నం."

చెల్లె పప్పు వడ్డిస్తూ, "అడుగున్రి బావా. కానీ పెంచిన పైసలల్ల మాకెంత ఇస్తున్నరో అది కూడ అడుగున్రి," అంది.

బావ పళ్ళెంలోకి చూస్తూ కలుపుకున్నాడు. నేనూ అంతే.