పాత రికార్డుల పరిష్కరణము: ఎంతవఱకు?

తరతరముల క్రిందట ఈ కన్నడ సీమలో స్థిరపడిన మన కుటుంబములందు తెలుగు పుస్తకములకన్న తెలుగు గ్రామఫోను ప్లేట్లే కొన్ని యిండ్లలో ఎక్కువగా నిలిచినవి. పుస్తకము చదువుటకు లిపి రావలెను. ప్లేటు వినుటకు చెవి చాలును. ఇప్పుడు మన మనుమలు ఆ ప్లేట్లను ఇంటి కంప్యూటరులోనికి ఎక్కించి, గరగరలు తీసివేసి, మనకు వినిపించుచున్నారు. పని మెచ్చదగినదే. కాని దీనిలో ఒక ధర్మసందేహము గలదు. పాతదానిని బాగుచేయువాడు ఎంతవఱకు బాగుచేయవచ్చును?

ముందుగా పని తీరు తెలియవలెను. ముల్లు గాడిలో నడచునపుడు పుట్టు కదలికను కంప్యూటరు సెకనునకు 44,100 మార్లు కొలిచి అంకెలుగా వ్రాసికొనును. అంకెలైన పిదప దిద్దుట సులభము. అడాసిటీ వంటి ఉచిత సాధనమునకు, గాయకుడు గొంతు విప్పకముందటి క్షణమును చూపి ‘ఇది రొద’ అని చెప్పినచో, అట్టి రొదను పాట పొడవునను తగ్గించును. గీతపడిన చోట వినవచ్చు టక్కుమను చప్పుడును కోసివేసి, ఆ ఖాళీని అటునిటు ఉన్న ధ్వనినిబట్టి ఊహించి పూరించును.

ఈ ‘ఊహించి పూరించుట’ మన సాహిత్యమునకు క్రొత్త గాదు. తాళపత్రమున పురుగు తొలిచిన చోట తన పదమును చేర్చిన లేఖకుని పనిని మన పండితులు ప్రక్షిప్తమనిరి. నిజాయితీ గల పరిష్కర్త అచ్చట చుక్కలుంచి ‘గ్రంథపాతము’ అని వ్రాసెడివాడు. చదువరికి అది కొంత వెలితియే. కాని మోసము గాదు.

ఈ సందర్భమున బెంగుళూరు నాగరత్నమ్మగారిని తలపక తప్పదు. ఆమె 1878లో నంజనగూడున జన్మించి, మన ఊరి పేరునే తన పేరున ధరించిన విదుషి. తన గొంతును గ్రామఫోను ప్లేట్లకు ఇచ్చిన తొలితరము వారిలో ఒకరు. ముద్దుపళని రచించిన రాధికాసాంత్వనము యొక్క పూర్వముద్రణమున కొన్ని పద్యములు విడువబడుటను గమనించి, వ్రాతప్రతితో సరిచూచి, 1910లో ఆ కావ్యమును సమగ్రముగా ప్రకటించిరి. అది అసభ్యమని ప్రభుత్వము నిషేధింపగా, ఆ నిషేధము 1947లో గాని తొలగలేదు. విడిచినవారును శుభ్రపఱచితిమనియే తలచియుందురు. ఎవరి శుభ్రత, ఎవరి గొంతు అను ప్రశ్నయే మన కంప్యూటరు ముందును నిలిచియున్నది.

ఐనచో ప్లేటును ముట్టనే రాదందుమా? మా సంఘమున కొందఱు పెద్దలు అట్లే వాదింతురు. గరగర లేనిదే పాట పాటవలె లేదందురు. మాకిది అంగీకారము గాదు. వారు ప్రేమించునది గాయకుని గాదు, తమ బాల్యమును. ముప్పదియేండ్ల దుమ్ము చేసిన చిటచిటను గాయకుడు ఎన్నడును వినియుండడు. దానిని తుడుచుట అతనికి ఉపకారమే. ఐతే రొద యంతయు కాలము తెచ్చినదే గాదు. 78 చుట్ల ప్లేట్లు లక్కలో రాతిపొడి వంటివి కలిపి చేసినవి గాన, క్రొత్తనాడే వానియందు సన్నని బుసబుస యుండెను. 1925 ప్రాంతమున మైక్రోఫోను వచ్చుటకు ముందు గాయకులు కొమ్ముబూర లోనికి పాడిరి. ఆ సన్నని గొంతు ప్లేటు చెడుటవలన కలిగినది గాదు. దానికి నేటి గాంభీర్యమును అతుకుట ప్రక్షిప్తమే. (లక్కప్లేటును స్పిరిటుతో మాత్రము తుడువవలదు, లక్క కరగును.)

మాకు ఎక్కువ భయము వేఱొకచోట గలదు. రొదను మితిమీఱి తగ్గించినచో ముందుగా నశించునవి శ, ష, స అను అక్షరములు. ఏలయన ఆ ఊష్మధ్వనులును రొదయు ఒకే ఎత్తున ఉండును. యంత్రమునకు రెండును బుసలే. ఆంధ్రదేశమున ఇది చిన్న నష్టము కావచ్చును. కన్నడ బడిలోనో ఇంగ్లీషు బడిలోనో చదువుకొను మన పిల్లకు, నాటకపద్యము పాడు ఆ గొంతే తెలుగు ఉచ్చారణకు గురువు. గురువు నోటినుండి శషసలను తీసివేసి, శుభ్రమైనదని చేతికిచ్చుట ఏమి న్యాయము?

వేగమును అట్టిదే. తొలినాటి ప్లేట్లన్నియు సరిగా 78 చుట్లు తిరుగునట్లు పోసినవి గావు. నూటికి ఆఱు పాళ్లు వేగము హెచ్చినచో శ్రుతి ఒక స్వరస్థానము పైకి పోవును. 1902లో కలకత్తాలో గౌహర్ జాన్ పాట చివర తన పేరు తానే చెప్పినట్లు, ఆనాటి గాయకులు పలువురు చెప్పెడివారు. అది పాటలో భాగము గాదని పిల్లలు కత్తిరింప జూతురు. కూడదు.

మేము నలువది యేండ్లకు దగ్గఱగా గుమాస్తా పని చేసితిమి. మాకు మొదట నేర్పినది ఇది: చిట్టాలో తప్పును గీకరాదు, ఒక్క గీతతో కొట్టి, క్రింది అంకె కనబడునట్లుంచి, ప్రక్కన పొడి సంతకము చేయవలెను. ఆ పద్ధతియే ఇచ్చటను చాలునని మా అభిప్రాయము. ప్లేటు పాడినది పాడినట్లుగా ఒక నకలు ఉంచవలెను. మూడు నిమిషముల పాటకు సుమారు ముప్పది మెగాబైట్లు, అనగా నేటి లెక్కలో చోటే గాదు. దిద్దినది వేఱుగా ఉంచి, ఏమి తీసితిమో, ఎవరు తీసిరో వ్రాయవలెను.

ఇటీవల మా సంఘమునకు పగిలిన ప్లేటొకటి వచ్చెను. పద్యమున ఒక అక్షరము పోయినది. అదే పదము మరల వచ్చుచున్నది గాన అచ్చటినుండి తెచ్చి అతికెదమని పిల్లలనిరి. ఆ కుటుంబపు పెద్దమ్మగారు తన మనుమరాలి పెండ్లిలో పద్యమును నిండుగా వినగోరిరి. పెండ్లికి అతికినది ఇచ్చితిమి. ఇచ్చునపుడు ఆ మాట చెప్పితిమి. సంఘపు బీరువాలో ఉంచిన నకలుకు పద్యమును కాగితముపై వ్రాసి జతచేసి, ఆ అక్షరమున్న చోట మూడు చుక్కలుంచితిమి.