బుట్టకో సీటు

మొన్నామధ్య మాఘమాసంలో అంతర్వేది కల్యాణానికి బయల్దేరాను. రాజోలులో బస్సెక్కి, కిటికీ పక్కన కూర్చుని, రెండో సీట్లో పూలబుట్ట పెట్టుకున్నాను. తెల్లవారుజామునే లేచి, తలంటుకుని, స్వామి కోసం నా చేత్తో కట్టిన మాలలండీ! బస్సు కిటకిటలాడిపోతోంది. ఓ ముసలమ్మ నా దగ్గరికొచ్చి, "కాస్త ఆ బుట్ట ఒళ్ళో ఎట్టుకుంటావా తల్లీ, కాళ్ళు లాగేత్తన్నాయి" అంది.

"దేవుడి పూలు మామ్మా, ఒళ్ళో పెట్టుకోకూడదు" అన్నాను.

పాపం, మరి మాట్లాడలేదు. మలికిపురం దాకా కడ్డీ పట్టుకుని నిలబడే ఉంది. నేను కళ్ళు మూసుకుని నరసింహస్వామిని తలుచుకుంటూ కూర్చున్నాను. కళ్ళెందుకు మూసుకున్నానో మీకు వేరే చెప్పాలా?

దర్శనం దివ్యంగా అయింది. తిరిగి వస్తూంటే మాత్రం డొక్కా సీతమ్మగారు గుర్తొచ్చారు. మా కోనసీమలో ఆవిడ పేరు వినని ఇల్లుండదు. 1841లో పుట్టి 1909లో పోయిన ఆ ఇల్లాలు, వైనతేయ ఒడ్డున లంకల గన్నవరంలో, వేళగాని వేళ ఏ కులంవాడొచ్చినా అన్నం పెట్టింది. గన్నవరం అక్విడక్టుకి ఆవిడ పేరే పెట్టుకున్నాం. 2024లో బడిపిల్లల మధ్యాహ్న భోజనానికీ ఆవిడ పేరే పెట్టారు.

ఆవిడా ఒకసారి అంతర్వేదికే బయల్దేరారట. ఎన్నాళ్ళనుంచో ఉన్న కోరిక. దారిలో పల్లకీ దింపి సేదదీరుతూంటే, అటుగా పోతున్నవాళ్ళ మాటలు చెవినబడ్డాయి. ఆకలికి ఏడుస్తున్న పిల్లల్ని, "కాసేపట్లో గన్నవరం చేరతాం, సీతమ్మగారు అన్నం పెడతారు" అని ఊరుకోబెడుతున్నారట. అంతే! "పల్లకీ వెనక్కి తిప్పండి" అన్నారావిడ. వాళ్ళు చేరేసరికి విస్తళ్ళు వేసి ఉన్నాయని పెద్దలు చెప్పుకుంటారు.

అదే స్వామి. ఆవిడ ఎవరికోసమో దర్శనమే వదులుకుంది. నేను బుట్టని ఒళ్ళోకి తీసుకోలేకపోయాను!

"అయితే పూజలూ పునస్కారాలూ మానెయ్యమంటావా?" అని మీరడగొచ్చు. అబ్బే, సీతమ్మగారు మాత్రం మానేశారా? భక్తి లేకపోతే అసలు పల్లకీ ఎక్కేవారే కాదు. నాకు తోచిందల్లా ఒక్కటే. మన భక్తికి అయ్యే ఖర్చు ఎవరు పెట్టుకుంటున్నారో చూసుకోవాలి. ఉపవాసం నాది, చిరాకు కోడలిది. మడి నాది, గుమ్మం బయట ఎండలో నిలబడడం పనిమనిషిది. మొక్కు నాది, కాళ్ళనొప్పి ముసలమ్మది. పుణ్యం మన ఖాతాలో, కష్టం వేరేవాళ్ళ ఖాతాలో రాసే లెక్కని ఏ దేవుడు ఒప్పుకుంటాడు చెప్పండి? సీతమ్మగారు తన కోరికనే ఖర్చు పెట్టారు. తేడా అక్కడుంది.

పైగా ఒళ్ళో పూలు పెట్టుకుంటే మైలపడతాయని నాకు ఏ శాస్త్రం చెప్పింది? చీర నలుగుతుందని నా బెంగ. దానికి దేవుణ్ణి అడ్డం పెట్టుకున్నాను.

ఈసారి వెళ్ళినప్పుడు స్వామికి లెంపలు వేసుకుని క్షమించమంటాను. ఆయనకేం, ఎప్పుడు వెళ్ళినా అక్కడే ఉంటాడు. కానీ ఆ ముసలమ్మదే ఊరో! ఆవిణ్ణి ఎక్కడని వెతకను?