తొలి ప్రేమ – తొలి క్రియలు



క్రైస్తవ వేదమునందలి కడపటి గ్రంథమైన ప్రకటనలో ఏడు సంఘములకు వ్రాయబడిన లేఖలు గలవు. వానిలో మొదటిది ఎఫెసు సంఘమునకు వ్రాయబడినది. ఆ సంఘమువారు పాటుపడిరి, కష్టముల కోర్చిరి, కపటబోధకులను పరీక్షించి నిరాకరించిరి. ఇన్ని సుగుణములను కొనియాడిన పిమ్మట ఆ లేఖ వారిపై ఒక్క నేరమును మోపుచున్నది. మొదట వారికుండిన ప్రేమను వారు విడిచిరి.

క్రైస్తవులము కాని మనకు ఈ లేఖతో నేమి పని యని కొంద రడుగవచ్చును. రామమోహన రాయలవారు 1820వ సంవత్సరమున క్రీస్తు ఉపదేశములను ప్రత్యేక గ్రంథముగా ప్రకటించి, సత్యము ఎచ్చట దొరకినను శిరసావహింపదగినదే యని మనకు మార్గము చూపిరి. క్రీస్తు దైవత్వమును గూర్చి క్రైస్తవ సోదరులతో మనకు భేదము గలదు. కాని భక్తి చల్లారుట యనెడి వ్యాధి విషయమున వారికిని మనకును ఎట్టి భేదమును లేదు. ఒకే రోగమునకు ఒకే ఔషధము పనిచేయును.

ఈ వ్యాధి ఎట్లు వచ్చునో ఎఫెసు పట్టణమే చెప్పుచున్నది. పూర్వమది రోమక సామ్రాజ్యమున సుప్రసిద్ధమైన రేవు. దాని ప్రక్కనున్న కాయిస్టరు నది కొనివచ్చిన ఒండ్రుచేత ఆ రేవు శతాబ్దముల తరబడి మెల్లమెల్లగా పూడిపోయెను. ఓడలు రాక మానెను, వర్తకము క్షీణించెను. నేడు ఆ శిథిలములు సముద్రమునకు దూరముగా నున్నవి. మన పల్లెలలోని చెరువులగతియు నిట్లే కదా! ఏ ఒక్క దినమునను చెరువు పూడినట్లు కానరాదు. ఏటేట పూడిక తీయక విడిచినచో, ఒక వేసవిలో గాని దాని లోతు ఎంత తగ్గెనో ఊరివారికి తెలియదు. భక్తియు నట్లే. ఎవడును ఒక్కనాట నాస్తికుడు కాడు. నేడొక ప్రార్థన మానును. రేపు ఒక చిన్న అబద్ధమును సహించును. ఎల్లుండి పొరుగువాని దుఃఖమును చూచియు చూడనట్లు పోవును. పేరు సభ్యుల పట్టికలో నుండును. నాలుక సిద్ధాంతములను చక్కగా వల్లించును. లోపల మాత్రము నీరు లేదు.

ఇక ఆ లేఖ చెప్పిన చికిత్సను విచారింతము. అది మూడు పనులను విధించుచున్నది: ఎచ్చటనుండి పడితిరో జ్ఞాపకము చేసికొనుడు, మనస్సు త్రిప్పుకొనుడు, మొదట చేసిన క్రియలను మరల చేయుడు. ఇందు మూడవదానిని శ్రద్ధగా గమనింపుడు. పోయినది ప్రేమ, చేయుమన్నది క్రియ. ఆనందాశ్రువులను రప్పించుకొనుమని ఆ లేఖ ఆజ్ఞాపింపలేదు. ఏలయన భావము మన చేతిలో లేదు. క్రియ మన చేతిలో నున్నది. వాన కురిపించుట రైతునకు శక్యము కాదు. పూడిక తీసి కట్ట గట్టి యుంచుట శక్యము. వాన వచ్చినప్పుడు నీరు నిలుచుట ఆ పనిని బట్టి యుండును.

ఇచ్చట బ్రాహ్మధర్మావలంబులకు సహజముగా ఒక సందేహము పొడమును. "హృదయము కదలని పూజ వట్టి యాచారమని మనమే ఖండించితిమి. అట్టి మనము మనసు ఎండియున్నప్పుడు ఉపాసన చేసినచో కపటము కాదా?" ఇది తేలికగా త్రోసివేయదగిన ప్రశ్న కాదు. కపటమనగా లేనిదానిని ఉన్నట్లు చూపుట. పొంగని హృదయము పొంగినట్లు పదిమంది యెదుట నటించినవాడు కపటి. "ప్రభూ, నా హృదయము ఎండియున్నది, నీయందు నాకు రుచి పుట్టకున్నది, ఐనను వచ్చితిని" అని పలుకువాడు కపటి కాడు. అతని ప్రార్థనలో రసము లేకపోవచ్చును గాని సత్యమున్నది. సత్యస్వరూపునికి సత్యముకంటె ప్రీతికరమైన నైవేద్య మేది?

మన సమాజ చరిత్రయే దీనికి సాక్ష్యము. 1828లో స్థాపితమైన సమాజమునకు 1830 జనవరిలో స్వంత మందిర మేర్పడెను. ఆ సంవత్సరాంతముననే రాయలవారు ఇంగ్లండునకు ప్రయాణమైరి. 1833 సెప్టెంబరు 27వ తేదీన బ్రిస్టలులో పరమపదించిరి. మహాపురుషుడు పోగానే జనమును పోయెను. ద్వారకానాథ ఠాకూరుగారి ధనసహాయముచే తలుపులు మాత్రము మూతపడలేదు. ఆ దినములలో పండిత రామచంద్ర విద్యావాగీశుడు వేళ తప్పక వచ్చి ఉపాసన జరుపుచుండెను. వినువారు లేనప్పుడు సైతము ఒంటరిగా దానిని ముగించి పోవుచుండెనని చరిత్రకారులు వ్రాసిరి. ఇట్లు పది సంవత్సరములకు పైగా గడచెను. 1843 డిసెంబరు 21వ తేదీన దేవేంద్రనాథ ఠాకూరుగారు ఇరువదిమంది మిత్రులతో గూడ ఆ విద్యావాగీశుని యెదుటనే బ్రాహ్మధర్మ దీక్ష గైకొనిరి. ఆయన ఒక్కవారము "వచ్చువారెవరు?" అని ఇంట కూర్చుండి యున్నచో, దీక్ష యిచ్చుటకు ఆచార్యుడెచ్చట? దీక్ష పుచ్చుకొనుటకు సమాజమెచ్చట?

మన తెలుగు దేశముననే క్రైస్తవులయందును ఇట్టి దృష్టాంతము గలదు. 1840లో నెల్లూరున నెలకొనిన అమెరికను బాప్టిస్టు మిషనునకు చిరకాలము ఫలము మిక్కిలి స్వల్పముగా నుండెను. దానిని ఎత్తివేయుదమా యని 1853లో అమెరికాలోని వారు తర్కించిరి. జూయెట్ దొరగారు మాత్రము విడువలేదు. 1854 సంవత్సరాది యుదయమున ఆయన భార్యతోను కొందరు తెలుగు విశ్వాసులతోను ఒంగోలు కొండ నెక్కి ప్రార్థించెను. 1867లో ఒంగోలు సంఘము ఎనమండుగురితో ప్రారంభమయ్యెను. పిదప 1876–78 మహాక్షామము వచ్చెను. క్లౌ దొరగారు బకింగ్‌హాము కాలువ త్రవ్వకములో కొంతభాగమును గుత్తకు తీసికొని క్షుధార్తులకు పని కల్పించిరి. ఆ కాలమున బాప్తిస్మము కోరి వచ్చినవారికి ఆయన దానిని ఈయలేదు. కూటికొరకు మతమును పుచ్చుకొందురేమో యని శంకించెను. సహాయము నిలిచిపోయిన పిమ్మటను వారు మరల వచ్చిరి. 1878 జూలై 3వ తేదీన గుండ్లకమ్మ యొడ్డున ఒక్కదినమున 2,222 మంది బాప్తిస్మము పొందిరి. వీరిలో మిక్కిలి యెక్కువమంది, లోకము అంటరానివారని త్రోసివేసిన మాదిగ సోదరులు.

ఈ సంఖ్యనుబట్టి మేము ఆ మతమును నిర్ణయించుటలేదు. సంఖ్య సత్యమునకు ప్రమాణము కాదు. జనసమూహము ఎన్నడును రాకపోయినను ఆ కొండమీది ప్రార్థన వ్యర్థము కాదు. దేవేంద్రనాథులు రాకపోయినను విద్యావాగీశుని ఒంటరి యుపాసన నిష్ఫలము కాదు. ఫలము చూపుదునని ఈశ్వరుడు వారికి ముచ్చలిక వ్రాసి యీయలేదు. చేయదగినదానిని చేసిరి. మేము కొనియాడునది ఆ నిష్ఠనే.

కావున, సోదరులారా, భక్తి చల్లారినదని దుఃఖించువారు క్రొత్త యుత్సవములను, క్రొత్త వక్తలను వెదకుచు తిరుగవలదు. మీ తొలి క్రియ లేవియో జ్ఞాపకము చేసికొనుడు. ఉదయమున లేచి ఒక గడియసేపు మౌనముగా కూర్చుండెడివారా? నేడే మరల కూర్చుండుడు. రోగియైన పొరుగువానికి మందు తెచ్చి యిచ్చెడివారా? వాని వాకిలి నేటికిని అచ్చటనే యున్నది. కులము నడుగక సహపంక్తిని భుజించెడివారా? ఆ పంక్తిలో మీ చోటు ఖాళీగా నున్నది. పూడిక యంతయు ఒక్కదినమున తీయలేరు. నేటి తట్టెడు మట్టిని నేడు తీయుడు.

హే పరమపితా! మా హృదయములు ఎండిన చెరువులవలె నున్నవి. మేము తెచ్చుటకు కన్నీరు సైతము లేదు. ఈ పాదములను మాత్రము నీ సన్నిధికి నడిపించుకొని వచ్చితిమి. వేళ తప్పక వచ్చుటకు మాకు బలము ననుగ్రహింపుము. నీ కరుణావర్షము ఎప్పుడు కురియునో నీకే యెఱుక. అది కురియు దినమున మేము ద్వారము మూసికొని యుండకుందుము గాక.